కోతకు ముందే ఆర్డరు, తూకం కాగానే డబ్బు: ఒడిశా సరిహద్దు ఊళ్లలో ఫుడ్ హబ్ నడిపే పద్ధతి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల చిన్న రైతు సరుకు మన వంటింటికి చేరేలోపు కనీసం ముగ్గురి చేతులు మారుతుంది. కొండ దిగే దారిలోనే బుట్ట దింపించి కొనేవాడొకడు, సంతలో గుత్తగా పట్టేవాడొకడు, బజారులో కిలోల లెక్కన అమ్మేవాడు ఇంకొకడు. వీళ్లను దాటి, చిన్న రైతుల సరుకు ఒకచోట తూచి, సర్ది, వారం వారం నేరుగా ఇళ్లకి చేర్చే ఏర్పాటే ఫుడ్ హబ్. ఈ మధ్యవాళ్లందరినీ దొంగలనేయడం తేలికే. కానీ వీళ్లు చేసే పని ఒకటుంది. పెళ్లికో, ఆసుపత్రికో, విత్తనాలకో అడిగిన పూటే డబ్బు చేతిలో పెడతారు. ఆ పని మీ వల్ల కాకపోతే, కిలోకు ఐదు రూపాయలు ఎక్కువిస్తానన్నా రైతు రెండోసారి మీ గుమ్మం తొక్కడు. అందుకే ఇక్కడ యాప్ గురించి, లోగో గురించి పెద్దగా చెప్పను. ఆర్డరు, తూకం, రొక్కం, ఈ మూడే హబ్‌ను నిలబెట్టేవి.

1. ముందు కొనేవాళ్లను లెక్కపెట్టండి

చాలామంది రైతుల దగ్గర మొదలుపెడతారు. ఊరూరా మీటింగు పెట్టి, ‘మీ పంట మేం కొంటాం’ అని మాటిచ్చేస్తారు. మొదటి వారమే వంద కిలోల వంకాయలు వచ్చి పడితే దిక్కు తోచదు. కాబట్టి ముందు ఊళ్లోని ఇళ్లు తిరగండి. ‘కొంటారా?’ అని అడిగితే అందరూ కొంటామనే అంటారు. ‘పోయిన వారం ఏం కొన్నారు, ఎక్కడ, ఎంతకి?’ అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది.

మన వైపు కొనుగోలుదారులు మూడు రకాలు. టీచర్లు, బ్యాంకు, రైల్వే ఉద్యోగుల ఇళ్లు, రాయగడ దగ్గరి జేకేపూర్ లాంటి ఫ్యాక్టరీ కాలనీలు మొదటి రకం. వీళ్లు వారానికి ఇంత అని స్థిరంగా కొంటారు, డబ్బూ వెంటనే ఇస్తారు. కాలేజీ హాస్టళ్లు, ఆసుపత్రి క్యాంటీన్లు రెండో రకం. మోతాదు పెద్దది, కానీ బిల్లు నెలాఖరుకి. హోటళ్లు, భోజనాల కాంట్రాక్టర్లు మూడో రకం. ఎవరు పావలా తక్కువకిస్తే అటు మొగ్గుతారు కాబట్టి మొదటి ఏడాది వీళ్ల జోలికి పోకపోవడమే మేలు.

వారం వారం కొనే 50, 60 ఇళ్లు ఖాయమైతే మొదలుపెట్టవచ్చు. అవి ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. ఊరికి ఈ చివర ఇరవై, ఆ చివర ఇరవై ఇళ్లుంటే ఆటో కిరాయే మిమ్మల్ని తినేస్తుంది.

2. రైతులు: తక్కువ ఊళ్లు, ఎక్కువ పంటలు

ఒకే దారిలో వరసగా ఉండే మూడు నాలుగు ఊళ్లు చాలు. ఊరికి ఐదారుగురు రైతులు. అందరూ వంకాయే వేస్తే లాభం లేదు. ఒకరి దగ్గర ఆకుకూరలు, ఒకరి దగ్గర బీర, ఆనప (సొర), ఒకరి దగ్గర చేమదుంప, అరటి ఉండేలా చూసుకోండి. కొండ ఊళ్ల నుంచి అల్లం, పసుపు, అనాస, పనస, కందులు, సామలు వస్తాయి. నది పక్క ఊళ్ల నుంచి కూరగాయలు వస్తాయి. రెండూ కలిస్తేనే ఇంటి సంచి నిండుతుంది.

భాష దగ్గర అశ్రద్ధ కూడదు. ఇక్కడ ఒకే సంతలో తెలుగు, ఒడియా, కువి, సవర నాలుగూ వినిపిస్తాయి. ఊరికొకరిని, ఆ ఊరి భాష ఇంట్లో మాట్లాడేవారిని, సమన్వయానికి పెట్టుకోండి. స్వయం సహాయక సంఘంలో లెక్కలు రాసే అమ్మాయి అయితే ఇంకా మంచిది. ఒడిశాలో మిషన్ శక్తి కింద సంఘాలు 2001 నుంచి నడుస్తున్నాయి కాబట్టి, పుస్తకం రాయడం వచ్చిన మహిళ ఏదో ఒక ఇంట్లో దొరుకుతుంది. ధరల పట్టీ తెలుగులో, ఒడియాలో పక్కపక్కనే రాయండి. చేమదుంప పక్కన సారు, గుమ్మడికాయ పక్కన కఖారు, బీరకాయ పక్కన జన్హి, చోళ్ల (రాగుల) పక్కన మాండియా అని ఉంటే ఫోన్లో ఆర్డరు తప్పు పోదు.

3. చోటు చూసుకునే ముందు

కావలసింది పెద్ద భవనం కాదు. నీళ్లు, నీడ, సిమెంటు గచ్చు, ఆటో వెనక్కి వచ్చేంత వాకిలి ఉంటే చాలు. కానీ ఒక చట్టం గుర్తుంచుకోండి. రాయగడ, కొరాపుట్ జిల్లాలు మొత్తంగా, పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాలో కొంత భాగం షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనుల రక్షణకు రాజ్యాంగం కింద ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతం. ఒడిశా 1956 నాటి రెండో నిబంధన ప్రకారం గిరిజనుల స్థిరాస్తి గిరిజనేతరుల చేతికి మారకూడదు. అమ్మకం ఒక్కటే కాదు, లీజు కూడా అందులోకే వస్తుంది. కాబట్టి గిరిజన రైతు స్థలంలో షెడ్డు వేసి అద్దె కాగితం రాసుకుందామనుకోవద్దు. పంచాయతీ భవనమో, సంఘం షెడ్డో, గిరిజనేతరుల సొంత గొడౌనో చూసుకోండి. యజమాని పట్టా ఒకసారి తహసీల్దారు ఆఫీసులో చూపించి అడగడం వల్ల పోయేదేమీ లేదు.

4. కాగితాలు

ఆహార భద్రత చట్టం (2006) రైతు తన పొలంలో పండించిన దానికి వర్తించదు. మీకు మాత్రం వర్తిస్తుంది, ఎందుకంటే మీరు కొని అమ్ముతున్నారు. చిన్న వ్యాపారానికి రిజిస్ట్రేషన్, పెద్దదానికి లైసెన్సు. 2011 నిబంధనల్లో ఆ రెండింటి మధ్య గీత ఏటా 12 లక్షల అమ్మకాల దగ్గర గీశారు. ఇలాంటి గీతలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టే రోజున ఆహార భద్రత సంస్థవారి ఫోస్కోస్ పోర్టల్‌లో చూసుకోండి. వచ్చిన 14 అంకెల నంబరు బిల్లు మీద, ప్యాకెట్ మీద వేయాలి.

కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. ఎలక్ట్రానిక్ కాటాకైతే ఏటేటా వేయించాలి. ముద్ర గడువు తీరిన కాటా మీద జరిమానా ఒక ఎత్తు, ‘వీళ్లది దొంగ కాటా’ అని సంతలో పుట్టే మాట ఇంకో ఎత్తు.

సంస్థ రూపం గురించి మొదటి రోజే తలపట్టుకోవద్దు. ఒక సంఘం పేరుతో, ఇద్దరి సంతకాలతో నడిచే ఖాతాతో మొదలుపెట్టండి. ఏడాది నిలబడితే అప్పుడు రైతులే వాటాదారులుగా ఉండే ఉత్పత్తిదారుల కంపెనీ ఆలోచించండి. దానికి కనీసం పదిమంది ఉత్పత్తిదారులు చాలు. కానీ ఆడిటరు ఫీజు, వార్షిక రిటర్నులు మొదటి ఏడాది నుంచే మొదలవుతాయి. ఆ ఖర్చు మోయలేక ఫైళ్లలోనే మిగిలిపోయే కంపెనీలు చాలానే ఉంటాయి.

చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకుల లాంటి అటవీ సరుకు కూడా అమ్మాలనుకుంటే ముందు గ్రామ పంచాయతీలో మాట్లాడండి. ఒడిశాలో 60కి పైగా అటవీ ఉత్పత్తుల కొనుగోలుదారుల నమోదు పంచాయతీల చేతిలోనే ఉంది. బీడీ ఆకు ఆ కోవలోకి రాదు, దాన్ని తాకకండి.

‘సేంద్రియం’ అన్న మాట మీద కొంచెం కఠినంగా చెబుతాను. 2017 ఆహార భద్రత నిబంధనల ప్రకారం ఆ మాట వాడాలంటే ఎన్.పి.ఓ.పి. (బయటి సంస్థ తనిఖీ చేసి ఇచ్చేది) గానీ పి.జి.ఎస్. (రైతు బృందాలు ఒకరినొకరు తనిఖీ చేసుకునేది) గానీ ధ్రువీకరణ ఉండాలి. నేరుగా వినియోగదారుకు అమ్మే చిన్న రైతుకు మినహాయింపు ఉంది. అది మీ హబ్‌కూ ఉందని అనుకోవద్దు. నియమగిరి కొండ వాలులో ఎరువే వేయలేదని మీకు తెలుసు, నాకూ తెలుసు. అయినా కాగితం లేనప్పుడు ఆ ముద్ర వేయకూడదు. ఏ ఊరు, ఏ నెలలో కోశారు, ఎలా పండించారు అని రెండు వాక్యాలు రాయండి. అలాగే కొరాపుట్ కాలాజీర బియ్యం, కంధమాల్ పసుపు భౌగోళిక గుర్తింపు పొందిన పేర్లు. రాయగడ జిల్లాలోని బిసంకటక్ పసుపు ఎంత బాగున్నా దాన్ని కంధమాల్ పేరుతో అమ్మడం నేరం. బిసంకటక్ పసుపు అనే అమ్మండి. తిన్నవాళ్లే ఆ పేరు అడుగుతారు.

5. వారం ఎలా తిరగాలి

హబ్ అసలు ప్రాణం ఇక్కడుంది. సంత రోజునే డెలివరీ పెట్టుకుంటే ఓడిపోతారు. సంత అయిన మూడో రోజుకు ఇళ్లలో కూరలు అయిపోతాయి, మిగిలినవి వాడిపోతాయి. మీ రోజు అదే. మీ ఊరి సంత ఆదివారమైతే డెలివరీ బుధవారం పెట్టుకోండి.

లెక్క ఇలా సాగుతుంది. ఆదివారం సాయంత్రం ఊరి సమన్వయకర్త ప్రతి రైతునూ కలిసి, బుధవారానికి ఏది ఎంత వస్తుందో రాసుకుంటుంది. ఫోన్లో కాదు, చేను చూసి రాయాలి. సోమవారం పొద్దున్న మీరు ఆ మొత్తంలో 80 శాతమే అమ్మకానికి పెడతారు. రైతు ‘ఇరవై కిలోలు’ అంటే పదహారు. వానకి, పురుగుకి, చుట్టాలకి పోయేది ఆ మిగిలిన నాలుగు. సోమవారం మధ్యాహ్నం ధరల పట్టీ వాట్సాప్‌లో పెడతారు. మంగళవారం మధ్యాహ్నం పన్నెండింటికి ఆర్డర్లు బంద్. పన్నెండున్నరకి వచ్చిన ఆర్డరు ఎంత పెద్ద ఆఫీసరుదైనా వచ్చే వారానికే. ఈ ఒక్క నియమం సడలితే మిగతావన్నీ సడలుతాయి. మంగళవారం సాయంత్రానికి ప్రతి రైతుకూ ‘నీవి పన్నెండు కిలోల బీర, ఎనిమిది కట్టలు గోంగూర’ అని కబురు చేరాలి. బుధవారం తెల్లవారుజామున కోత, పదిలోపు హబ్ దగ్గర తూకం, మధ్యాహ్నం సర్దుడు, నాలుగు నుంచి ఏడు లోపు ఇళ్లకి.

ఆర్డరు రానిది కోయించకూడదు. చెట్టున ఉన్న కాయ రేపటికి సరుకు, కోసిన కాయ సాయంత్రానికి నష్టం.

పండుగల లెక్క మన ఊళ్లలో రెండు రకాలుగా నడుస్తుంది. ఒడియావారి నెల పున్నమితో ముగుస్తుంది, మనది అమావాస్యతో. కాబట్టి వాళ్ల కార్తీకం కుమార పున్నమి (ఆశ్వయుజ పున్నమి) మర్నాడే మొదలై, మనదానికంటే పదిహేను రోజులు ముందుంటుంది. వాళ్లలో చాలా ఇళ్లు నెలంతా, మిగతావాళ్లు కనీసం చివరి ఐదు రోజుల పంచుకలో నీచు మానేస్తారు. వాళ్లు ముగించాక మన ఇళ్లలో పోలి స్వర్గం దాకా సాగుతుంది. అంటే కలిసి ఉండే ఊళ్లో దాదాపు నెలన్నర పాటు కూరగాయలకి గిరాకీ. హబిష (కార్తీక వ్రత భోజనం) తినే పెద్దవాళ్లకి చేమదుంప, పచ్చి అరటికాయ, మామిడల్లం కావాలి. వీటికోసం ఏప్రిల్, మే నెలల్లోనే రైతుతో మాట్లాడుకుని దుంప నాటించాలి. ఆ వెంటనే మార్గశిర లక్ష్మివారాలు (గురువారాలు). ఒడియా ఇళ్లలో మాణబసా, మన ఇళ్లలో లక్ష్మీపూజ. ఆ నెలలో బుధవారం డెలివరీ దానంతటదే కలిసొస్తుంది. కొండ ఊళ్లలో చైత్ర పరబ్ (గిరిజనుల చైత్ర పండుగ) రోజుల్లో మాత్రం కోతకు ఎవరూ రారు. రమ్మనడం కూడా తప్పే. ఆ వారం పొడి సరుకుతో నడపండి.

6. ధర, డబ్బు

ధర వారానికి ఒకటే. గత మూడు సంతల్లో రైతుకు దక్కిన ధర, బజారులో ఇల్లాలు పెట్టిన ధర రెండూ రాసుకుని మధ్యలో నిలపండి. ఆ తర్వాత సంతలో ధర పడిపోయినా మాటిచ్చిన ధరే రైతుకివ్వాలి. పెరిగితే? ఐదో వంతు కంటే ఎక్కువ పెరిగితే ఆ పెరుగుదలలో సగం రైతుకి కలపండి, కొనేవాళ్లకి ఆ వారం ధర పెంచకండి. టమాటాకి మాత్రం వారం దాటి ఏ మాటా ఇవ్వవద్దు.

ఇప్పుడు లెక్క. ఇది నమూనా మాత్రమే, మీ ఊరి కిరాయిలు పెట్టి మళ్లీ వేసుకోండి. 60 ఇళ్లు తలకు 300 చొప్పున 18,000. ఒక హాస్టలు 12,000. వారానికి 30,000 అమ్మకం. నూటికి 70 రైతుకిస్తే 21,000 పోయి 9,000 మిగులుతుంది. అందులో ఆటో నాలుగు ట్రిప్పులు 2,800, ఇద్దరు మనుషులు రెండేసి రోజులు 2,000, పాడైనది, తరుగు 1,500, సంచులు, కట్టుడు 600, అద్దె, కరెంటు, ఫోను 900. మొత్తం 7,800. మిగిలేది 1,200. అదే అమ్మకం 15,000కి పడితే? మీ వాటా 4,500. ఆటోకి, మనుషులకే 4,800 అవుతుంది, ఎందుకంటే ఆ రెండూ అమ్మకంతో పాటు తగ్గవు. కాబట్టి రైతు వాటా కోసి గట్టెక్కాలని చూడకండి. అదే దారిలో ఇంకో పది ఇళ్లు కలపండి.

ఇక రొక్కం. రైతుకు తూకం దగ్గరే డబ్బు. ఇళ్లవాళ్లు సాయంత్రానికల్లా ఇస్తారు కాబట్టి వాళ్ల సరుకుకి 12,600 తిరుగుతూ ఉంటే చాలు. హాస్టలు అలా కాదు. నెల బిల్లు, పైన ఒక వారం ఆలస్యం అనుకుంటే ఐదు వారాల కొనుగోలు, అంటే 42,000 మీ జేబులోంచి వెళ్లి కూర్చుంటుంది. రెండూ కలిపి 55 వేలకు దగ్గర. చేతిలో 65, 70 వేలు లేకుండా హాస్టలు ఆర్డరు పట్టవద్దు. పట్టారో, మూడో వారానికి రైతుకు ‘రేపు రా’ అంటారు. ఆ మాట అన్న రోజున షావుకారు గెలిచినట్టే.

పంట మీద ముందే అప్పు తిన్న రైతు సరుకు మొత్తం మీకు రాదు, అడగవద్దు కూడా. సగం షావుకారుకి, సగం మీకు అని ఒప్పుకోండి. రెండు సీజన్లు అలా సాగితే అప్పు దానంతటదే చిక్కిపోతుంది. సిగ్నల్ లేని ఊళ్లలో యూపీఐ నమ్ముకోకండి, చిల్లర సంచిలో ఉండాలి. ప్రతి చెల్లింపుకీ రైతు చేతిలో ఒక చీటీ, మీ దగ్గర దాని నకలు. చదువు రానివాళ్లకి కాయ బొమ్మ పక్కన అంకె రాసినా సరిపోతుంది.

7. తూకం, సర్దుడు, నిల్వ

సంతలో ఇప్పటికీ మానికలు, అడ్డలు, కుంచాలు అనే కొలపాత్రలే నడుస్తాయి. ఒక ఊరి అడ్డ ఇంకో ఊరిదానితో సరిపోదు, నొక్కి పోస్తే ఒకలా, తేల్చి పోస్తే ఒకలా. హబ్‌లో అంతా కిలోలే. మొదటి నెలలో మాత్రం ప్రతి రైతు ముందూ ఆయన సొంత కుంచంతో కొలిచి, అదే కాటా మీద పెట్టి చూపించండి. ఇంతకాలం ఎంత పోయిందో ఆయనే లెక్కేసుకుంటాడు. మీరు నోరు విప్పక్కర్లేదు.

గోనెసంచుల్లో కూరగాయలు తేవద్దు. గాలి ఆడే ప్లాస్టిక్ క్రేట్లు కొని రైతులకివ్వండి. ఆకుకూరల మీద తడి గోనెగుడ్డ. పండిన అరటి, మామిడి, బొప్పాయి పక్కన ఆకుకూరలు పెడితే వాటి ఆవిరికి ఆకు పసుపెక్కుతుంది. కార్బైడుతో మగ్గబెట్టిన పండు ఎంత చవగ్గా వచ్చినా కొనకండి, అది నిషేధం.

కరెంటు లేకుండా చల్లగా ఉంచాలంటే ఇటుకల గది కట్టుకోవచ్చు. రెండు వరసల ఇటుక గోడ, మధ్యలో సుమారు 7.5 సెంటీమీటర్ల ఖాళీ, అందులో ఇసుక, పొద్దున సాయంత్రం నీళ్లు, పైన గడ్డి చాప. ఎండాకాలం బయటికంటే 10 నుంచి 15 డిగ్రీలు తగ్గుతుంది. జులై, ఆగస్టు చెమ్మలో పెద్దగా పనిచేయదు, అప్పుడు ఏ రోజుది ఆ రోజే పంపేయాలి. గుణుపురంలోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగితే కొలతలు, మేస్త్రీకి చెప్పాల్సిన జాగ్రత్తలు తెలుస్తాయి.

కుళ్లినది వెళ్లిందని ఫోను వస్తే వాదన వద్దు. ఫోటో పంపమనండి, వచ్చే వారం బిల్లులో తగ్గించండి. ఒకే రైతు సరుకు మీద మళ్లీ మళ్లీ ఫిర్యాదు వస్తే చేను దగ్గరికి వెళ్లి మాట్లాడాలి. నలుగురిలో కాదు.

8. పొడి సరుకు

ఆనపకాయతో వచ్చే లాభం చాలా సన్నం. నిలబెట్టేది పొడి సరుకే. కానీ చోళ్ల విషయంలో ప్రభుత్వంతో పోటీ పడకండి. ఒడిశా చిరుధాన్యాల మిషన్ 2017లో మొదలైన ఏడు జిల్లాల్లో రాయగడ, గజపతి, కొరాపుట్ ఉన్నాయి. మండీల్లో మద్దతు ధరకు కొంటారు. 2025–26కి క్వింటాలు 4,886 రూపాయలు. అంటే గింజ కిలో 49 దగ్గర. రైతు మండీకి ఇవ్వాల్సింది ఇచ్చాక మిగిలింది తీసుకుని పిండి పట్టించి అమ్మండి. సామలు, కొర్రలు పొట్టు తీశాక త్వరగా ముక్కిపోతాయి. గింజగా నిల్వ ఉంచి, నెలకి సరిపడా మాత్రమే మిల్లు పట్టించాలి. పచ్చి పసుపు ఐదు కిలోలు ఉడికించి ఎండబెడితే సుమారు ఒక కిలో కొమ్ము వస్తుంది. ధర మాట్లాడేటప్పుడు ఇది మరచిపోయి పచ్చి ధరకి మూడింతలే వేసేవాళ్లున్నారు. కందులు బాగా ఎండకపోతే పుచ్చిపోతాయి, పళ్లకింద పెట్టి కొరికి ‘టక్’మన్నవే తీసుకోండి.

9. ఆంధ్ర వైపు అమ్మాలంటే

పర్లాకిమిడి దాటితే పాతపట్నం, రాయగడ దాటితే కూనేరు, పార్వతీపురం. అటు చుట్టాలూ ఉన్నారు, గిరాకీ ఉంది. తాజా కూరగాయలకి జీఎస్టీ లేదు కాబట్టి ఇబ్బంది లేదు. ముందే కట్టి లేబుల్ వేసిన 25 కిలోల లోపు ధాన్యం, పప్పు, పిండి ప్యాకెట్లకి 2022 జులై 18 నుంచి 5 శాతం పన్ను ఉంది. పన్ను పడే సరుకు రాష్ట్రం దాటించి అమ్మితే, మీ అమ్మకం ఎంత చిన్నదైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. చిన్న వ్యాపారానికి ఒడిశా లోపల ఉన్న మినహాయింపు అక్కడ చెల్లదు. చిన్న హబ్‌కి తేలిక మార్గం: అటు కూరలు పంపండి, పిండి ప్యాకెట్లు ఇటే అమ్ముకోండి. ఏ సరుకుకి మార్కెట్ కమిటీ రుసుము పడుతుందో ఇటూ అటూ ఒకసారి కనుక్కోండి.

10. వాన వారాలు

2017 జులైలో నాగావళి పొంగినప్పుడు రాయగడ జిల్లాలో రైలు వంతెన కూడా కొట్టుకుపోయింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి, రాయగడలను చీల్చేసింది. జూన్ నుంచి అక్టోబరు దాకా ఆర్డరు తీసుకునేటప్పుడే ‘దారి తెగితే సరుకు రాదు, ముందు కట్టిన డబ్బు అదే సాయంత్రం వాపసు’ అని పట్టీ కింద రాసి పెట్టండి. పిండి, పప్పు, పసుపు, చింతపండు రెండు వారాల అమ్మకానికి సరిపడా హబ్‌లోనే ఉంచుకోండి. వాగు అవతల ఊరి రైతు ఆర్డరు ప్రకారం కోసి, దాటలేక చిక్కుకుపోతే ఆ సరుకులో సగం ధర మీరు భరించాలి, ఎందుకంటే కోయమన్నది మీరే. దానికోసం ప్రతి వారం మిగులులోంచి రెండు మూడు వందలు వేరే డబ్బాలో వేస్తూ రండి. వాగు తీశాక మొదటి ట్రిప్పు ఆ ఊరికే వెళ్లాలి.